బావి పుస్తకం

ఎరువుల కొట్టు చెన్నకేశవరావు హజ్రా బీ గడప తొక్కడం అదే మొదటిసారి. మధ్యాహ్నం ఎండలో వచ్చాడు. చెప్పులు విప్పలేదు. స్టూలు తనే జరుపుకుని కూర్చున్నాడు. చంకలో పెట్టుకొచ్చిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

ఖాకీ గుడ్డ అట్ట. వీపున తెల్లరంగుతో నంబరు. ఆ నంబరు హజ్రా బీ నిన్న సాయంత్రమే చూసింది.

"మా మహాలక్ష్మి పొద్దున్నుంచీ కనపట్టంలేదు బీబమ్మా," అన్నాడు. గొంతు పెంచలేదు. "కాలేజీకని పోయింది. అక్కడికి రాలేదంట. దిండు కింద ఇది దొరికింది."

ఆమె మంచినీళ్ళ చెంబు అతని ముందు పెట్టింది.

"సగం చదివా. ఒక పిల్ల దిగుడుబావిలో మెట్లు దిగి మాయమయిద్ది. పాతకాలంలో తేలిద్ది. అక్కడెవడో ఉంటాడు. ఆఖరు చూద్దామంటే ఆఖరు లేదు. మాట మధ్యలో తెగిపోయింది. ఊళ్ళో పుస్తకాలన్నీ నువ్వు చదివుంటావుగా. చెప్పు. ఆ పిల్ల చివర్న మళ్ళీ బావిలో దిగిద్దా?"

సందు చివర ఎవరో ఎండుమిరప టిక్కీ బస్తాలు దించుతున్నారు. ఆ ఘాటు గదిలోకి వచ్చింది. చెన్నకేశవరావుకి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"బావుల్లో పాతాళగరిగెలు వేయించి వెతికిస్తన్నా," అన్నాడు. "ఇంకా ఏ బావి చూడాలో తెలియట్లా."

హజ్రా బీ బల్ల అంచు పట్టుకుంది. ఆఖరు లేదు. మాట మధ్యలో తెగింది. నిన్న సాయంత్రం మహాలక్ష్మి ఇదే బల్ల దగ్గర నిలబడి ఈ మాటలే చెప్పింది. తను నమ్మలేదు.

నమ్మడానికి ఆమెకు తెలుగు చదవడం రాదు.

ఆమె పుట్టింది రెంటచింతలలో. తండ్రి బండి చక్రాలకు ఇనప పట్టాలు బిగించేవాడు. మసీదులో అరబ్బీ అక్షరాలు నేర్పారు. ఖురాను వల్లించడం వచ్చింది. ఆడపిల్లకు అంతకుమించి ఎందుకన్నారు. పెళ్ళయి గురజాల వచ్చాక మహబూబ్ అంకెలు నేర్పాడు. అతనిది బస్టాండు ఎదురు సందులో అద్దె పుస్తకాల కొట్టు. ఇంటి ముందు గదిలోనే మూడు గోడలకి అరలు కొట్టించాడు. అరలోంచి పుస్తకం తీసివ్వడానికి అంకెలు సరిపోయేవి. అక్షరాలు కూడా నేర్పుతానన్నాడు. ఇవాళ, రేపు అనుకుంటుండగానే కామెర్లు వచ్చి పోయాడు.

పిల్లల్లేరు. వేరే పని తెలియదు. నలభయ్యో రోజు ఫాతెహా అయ్యాక ఆమె కొట్టు తలుపులు తీసింది. చదువు రాని మనిషి దగ్గర పుస్తకం ఎవరు తీసుకుంటారని ఆ రోజే భయం పట్టుకుంది. దాన్ని ఎవరికీ తెలియనివ్వలేదు.

పుస్తకం తిరిగి తెచ్చినవాళ్ళని వెంటనే వదిలేది కాదు. స్టూలు వేసేది. మంచినీళ్ళిచ్చేది. "ఎట్టుంది?" అని అడిగేది. ఈ ప్రశ్న అడిగితే చెప్పని మనిషి గురజాలలో లేడు. కథ చెప్పేవారు. నాయిక తిక్కదనేవారు, రాసినవాడికి పెళ్ళి కాలేదేమో అనేవారు. ఆమె వినేది. ఒక్క మాట జారవిడిచేది కాదు. మర్నాడు ఇంకొకరొస్తే ఆ మాటలే తన మాటలుగా చెప్పేది. "అది నీకొద్దులే వదినా, మొదట్లో బాగుండి తర్వాత సాగదీశాడు." "ఇది పట్టకపో. ఏడుపుంది గానీ మంచి ఏడుపు." అలా మూడేళ్ళు గడిచాయి. హజ్రా బీ చదవని పుస్తకం లేదని ఊళ్ళో పేరొచ్చింది. ఆ పేరు ఎంత పెరిగితే ఆమెకు అంత భయం పెరిగింది. ఎవరైనా పుస్తకం తెరిచి "ఇదిగో ఈ లైను చూడు బీబమ్మా" అంటే కళ్ళజోడు లోపలుందనేది. ఆమెకు కళ్ళజోడే లేదు.

ఖాకీ అట్ట పుస్తకాన్ని మహబూబ్ మాచర్లలో మౌలాలీ సాయిబు కొట్టు నుంచి కొనుక్కొచ్చాడు. అలాంటిదే ఇంకోటి ఆయన దగ్గరే ఉందని చెప్పాడు. ముందే అట్ట లేదు, పేరున్న పేజీ లేదు. రాసిందెవరో తెలియదు. గుడ్డ వేసి కుట్టించాడు. చదివినవాళ్ళు దానికి బావి పుస్తకమని పేరు పెట్టారు.

అందులో చారుశీల అని కాలేజీ పిల్ల. సెలవులకి అమ్మమ్మ ఊరు పోతుంది. దిగుడుబావిలో కాలి పట్టీ జారితే దానికోసం మెట్లు దిగుతుంది. దిగేకొద్దీ నీళ్ళు ఉండవు. పైకెక్కి చూస్తే కరెంటు తీగలు లేవు, బస్సు రోడ్డు లేదు. నూరేళ్ళ వెనకటి ఊరు. అక్కడ హేమచంద్రుడని ఒక కుర్రవాడు అదే బావికి రాతిమెట్లు పరుస్తుంటాడు. ఆఖరి మెట్టు పడితే ఆ కాలానికీ ఈ కాలానికీ మధ్య దారి మూసుకుపోతుంది. అందుకని అతను పని నెమ్మదిగా చేస్తాడు. రోజుకొక రాయి. తర్వాత వారానికొక రాయి.

అక్కడిదాకా అందరూ ఒకే కథ చెప్పారు. అభిప్రాయాలే వేరు. కాలేజీ పిల్లలు ఆ పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని తెచ్చిచ్చేవాళ్ళు. బస్టాండులో సోడాలమ్మే కోటయ్యకి మాత్రం హేమచంద్రుడు నచ్చలేదు. "వారానికొక రాయేందమ్మా? మేస్త్రీ ఊరుకుంటాడా? కూలి కొయ్యడూ?" అన్నాడు. మిషను బళ్ళో పాఠాలు చెప్పే ప్రేమమ్మ, "ప్రేమంటే పని ఎగ్గొట్టడం కాదని రాసినాయనకి ఎవరన్నా చెప్తే బాగుండు," అంది. దర్జీ షౌకత్ ఆ మాట విని నవ్వాడు. "టీచరమ్మకేం తెలుసు. నేనూ పెళ్ళి చూపులకి ముందు మా ఆవిడ జాకెట్టు పది రోజులు కుట్టాను," అన్నాడు.

ఆఖరు దగ్గర తేడా వచ్చింది. ప్రేమమ్మ చెప్పిన ఆఖరులో చారుశీల కన్నీళ్ళు తుడుచుకుని ఇంటికొస్తుంది, చదువుకుని ఆ ఊళ్ళోనే టీచరవుతుంది. షౌకత్ చెప్పిన దాంట్లో ఆమె అక్కడే ఉండిపోతుంది. మొదటి పేజీలో కనపడే అమ్మమ్మ ఆమేనట. కోటయ్య చెప్పిన దాంట్లో కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చేస్తుంది. అతనికి ఆర్టీసీలో ఉద్యోగం దొరుకుతుంది.

"రాళ్ళు కొట్టేవాడికి ఆర్టీసీలో ఎట్టా ఇచ్చారు?" అని హజ్రా బీ అడిగింది.

"పిల్ల మేనమామ డిపో మేనేజరు గదా," అన్నాడు కోటయ్య, తడుముకోకుండా.

ఒక పుస్తకానికి మూడు ఆఖర్లేంటని ఆమెకు అనుమానం రాలేదు. చదవడమంటే ఇదేననుకుంది. కళ్ళతో చదివేవాళ్ళకి ఎవరికి తగ్గ ఆఖరు వాళ్ళకి కనపడుతుంది కాబోలు, అందుకే జనం ఇంత ఇష్టపడి చదువుతారు కాబోలు అనుకుంది. పెళ్ళీడు పిల్లల తల్లులకి ప్రేమమ్మ ఆఖరు చెప్పేది. వయసు మళ్ళిన వాళ్ళకి షౌకత్‌ది చెప్పేది. ఎవరూ వచ్చి నువ్వు చెప్పింది తప్పనలేదు.

నిన్న సాయంత్రం మహాలక్ష్మి వచ్చింది. ఇంటరు రెండో ఏడు చదివే పిల్ల. నాన్న ఎరువుల కొట్టుకు పోయాక పుస్తకం పుస్తకాల సంచిలో దాచుకుని తెచ్చేది. హజ్రా బీని అత్తా అని పిలిచేది.

"అత్తా, దీనికి చివర లేదు," అంది.

"ఎందుకు లేదు? అందరూ చదివారుగా."

"ఎట్టా చదివారో. మాట మధ్యలో ఆగిపోయింది. నువ్వే చూడు." పుస్తకం తెరిచి ఆమె ముఖం ముందు పెట్టింది.

హజ్రా బీ చూసింది. పేజీ నిండా అక్షరాలు. అడుగుదాకా ఉన్నాయి. ఏ పుస్తకం ఆఖరు పేజీ అయినా ఆమెకు అలాగే కనపడుతుంది. గుమ్మం దగ్గర సోడా తాగుతూ ఎవరో ఇద్దరు నిలబడి చూస్తున్నారు. పిల్ల వేలు ఆఖరి లైను మీద ఉంది. "చదువు అత్తా. ఇక్కడ 'ఆమె చెయ్యి' అని ఉంది. చెయ్యి ఏమైంది?"

హజ్రా బీకి ఆ వేలు అక్కణ్ణుంచి తీసేస్తే చాలనిపించింది. పుస్తకం లాగి మూసింది.

"నువ్వే చింపావు," అంది. గట్టిగా అంది. "నా మూడేళ్ళ వ్యాపారంలో ఎవరూ చెప్పని మాట నువ్వు చెప్తన్నావు. చింపి నాకు పాఠం చెప్తన్నావా?"

"నేను చింపలేదు అత్తా."

"అయితే పోయి మాచర్లలో మౌలాలీ సాయిబు కొట్లో చూడు. ఇంకో పుస్తకం ఆయన కాడుంది. చివర ఏముందో తెలుసుకునొచ్చి నాకు చెప్పు. అప్పటిదాకా నా గడప తొక్కమాక."

పిల్ల ముఖం చిన్నబోయింది. పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది. హజ్రా బీ అప్పటికి బయటపడ్డాననుకుంది.

"బీబమ్మా," అన్నాడు చెన్నకేశవరావు. "నిన్నే అడుగుతున్నా."

ఆమెకు మూడు ఆఖర్లలో ఏది చెప్పాలో వెతుక్కోనక్కర్లేకపోయింది. "ఇంటికొచ్చిద్ది అన్నా," అంది. "బుద్ధిగా ఇంటికొచ్చి చదువుకుంటది. టీచరయిద్ది."

"నువ్వు చదివావా?"

"చదివా."

అతను పుస్తకం మళ్ళీ చంకలో పెట్టుకుని లేచాడు. "పద. ఆ మాట మా ఇంటిదానికి చెప్పు. బావికాణ్ణుంచి లేవనంటంది."

ఆమె తలుపు దగ్గరకు లాగి అతని వెనక నడిచింది. నడుస్తూ లెక్క వేసుకుంది. పిల్ల మాచర్ల పోయి ఉంటే సాయంత్రం పాసింజరు రైలుకి దిగుతుంది. తను నోరు విప్పకపోయినా దిగుతుంది. పోకుండా ఇంకేదన్నా చేసుకుని ఉంటే తను చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఎలా చూసినా నోరు మూసుకోవడమే మేలు. ఈ లెక్కలో ఎక్కడా తప్పు కనపడలేదు. కానీ అవి పరీక్షలు దగ్గరకొచ్చిన రోజులు. ఆ ముందు ఏడాది ఈపూరు వైపు ఒక పిల్ల ఇంట్లో తిట్టారని పురుగుమందు తాగింది. ఎవరు తిట్టారని ఊరంతా అడిగారు. ఏమని తిట్టారని అడిగారు.

బావి ఊరి బయట, చెన్నకేశవరావు మిరప చేలో ఉంది. పాతకాలపు దిగుడుబావి. ఒక పక్క మెట్లు, ఒక పక్క మోట తోలిన గుర్తులు. జనం చుట్టూ నిలబడ్డారు. ఇద్దరు మనుషులు తాళ్ళకి పాతాళగరిగెలు కట్టి నీళ్ళలో వేస్తున్నారు. ఇనప కొక్కేల గుత్తి. చేద జారితే తీసుకునేది. అది అడుగున రాళ్ళకి తగిలి గీసుకునే చప్పుడు పైకి వస్తోంది. లాగినప్పుడల్లా అందరూ ముందుకు వంగుతున్నారు. ఒకసారి బొక్కెన వచ్చింది. ఒకసారి తుమ్మకొమ్మ వచ్చింది. తుమ్మకొమ్మ చూసి ఒకామె, "అమ్మయ్య," అని తన నోరు తానే మూసుకుంది.

మహాలక్ష్మి తల్లి మొదటి మెట్టు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. తాడు ఎటు కదిలితే చూపు అటు కదులుతోంది.

"బీబమ్మ చదివిందంట," అన్నాడు చెన్నకేశవరావు భార్యతో. "పుస్తకంలో పిల్ల ఇంటికొచ్చిద్దంట. బావిలో దూకదంట. ఇంక లే."

"ఇంటికొచ్చిద్దిలే," అన్నాడు గుంపులోంచి కోటయ్య, ధైర్యం చెబుదామని. "ఆ కుర్రాణ్ణి కూడా తెచ్చిద్దిగా. ఇద్దరూ సుఖంగానే ఉంటారు."

చెన్నకేశవరావు తల తిప్పాడు. "ఏ కుర్రాణ్ణి?"

కోటయ్య పక్కవాడి వెనక్కి జరిగాడు.

"తేదు," అన్నాడు షౌకత్, పక్కనుంచి. అతనికి మంచి చేస్తున్నాననే ఉంది. "పుస్తకంలో ఎవరూ ఎవర్నీ తేరన్నా. ఆ పిల్ల అక్కడే..." అంతవరకూ వచ్చి ఆగాడు.

"అక్కడే?"

"అక్కడే ఉండిపోయిద్ది," అన్నాడు, చిన్నగా.

తల్లి తల ఎత్తి చూసింది. చెన్నకేశవరావు ముగ్గుర్నీ వరసగా చూశాడు. "ఒకటే పుస్తకం చదివార్రా మీరు?"

గరిగె వేసేవాళ్ళు కూడా ఆగారు. షౌకత్ ముందు బయటపడ్డాడు. "చివర పేజీలు లేవన్నా. నాకొచ్చేసరికే లేవు. పేజీ పోతే పుస్తకం ఖరీదు కట్టించుకునే రివాజు గదా. నేను చింపాననుకుంటారని ఏదో ఒక చివర కల్పించి చెప్పా."

"నువ్వూ అంతేనా?" అన్నాడు కోటయ్య. అతని ముఖంలో ఒక్క క్షణం భయం పోయి ఆశ్చర్యం వచ్చింది. "నేనేమో నేనొక్కణ్ణే అనుకున్నా."

ప్రేమమ్మ గుంపు వెనక నిలబడి ఉంది. బళ్ళో పిల్లలకి అబద్ధం ఆడొద్దని చెప్పే మనిషి. ఎవరూ అడగకముందే, "నేనూ కల్పించిందే," అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆడపిల్లలు చదివే పుస్తకం గదా, మంచి చివర ఉంటే మంచిదనుకున్నా."

"అయితే ఆ పుస్తకంలో ఆ పిల్ల ఏమైందో ఎవరికీ తెలియదు," అన్నాడు చెన్నకేశవరావు. హజ్రా బీ వైపు తిరిగాడు. "నువ్వు చదివానన్నావే."

అందరి కళ్ళూ ఆమె మీదికి వచ్చాయి. ఏం చెప్పాలో ఆమె వెతుక్కుంటోంది. ఇంకో ఆఖరు కల్పించడానికి కూడా నోరు సిద్ధమైంది.

అప్పుడు బావిలో గరిగె దేన్నో పట్టుకుంది. "తగిలింది," అన్నాడు లాగేవాడు. ఇంకొకడు వచ్చి తాడు పట్టాడు. బరువుగా ఉంది. నెమ్మదిగా లాగారు. నీళ్ళు కదిలాయి. ముందు గుడ్డ కనపడింది. పసుప్పచ్చ గుడ్డ, నాచు పట్టి. దాని వెనక ఇంకా ఏదో ఉంది.

తల్లి మెట్టు మీదనుంచి లేవలేదు. కూర్చున్నచోటే మెట్టు తరవాత మెట్టు కిందికి జరిగింది. ఎవరో రెక్క పట్టుకున్నారు. ఆమె నోట్లోంచి చప్పుడు లేదు. నోరు మాత్రం తెరుచుకుని ఉంది.

హజ్రా బీకి ఆ నోరు తప్ప ఇంకేమీ కనపడలేదు. తన లెక్క గుర్తొచ్చింది. చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఆ లెక్కలో ఈ ఆడమనిషి లేదు. పొద్దున్నుంచీ ఈ మెట్టు మీద కూర్చున్న మనిషిని తను లెక్కలో వెయ్యలేదు.

లాగారు. పాత దిష్టిబొమ్మ. గడ్డి నిండిన పసుప్పచ్చ చొక్కా, లోపల బురద. ఎప్పుడో గాలికి చేలోంచి పడి ఉంటుంది. జనం ఊపిరి వదిలారు. ఒకడు నవ్వబోయి మానాడు.

"అన్నా," అంది హజ్రా బీ. "నాకు చదవడం రాదు."

చెన్నకేశవరావుకి అర్థం కాలేదు.

"ఒక్క పుస్తకం కూడా చదవలేదు నేను. వీళ్ళు చెప్పిందే చెప్తా. నిన్న నీ కూతురొచ్చి చివర లేదంది. పేజీ ముందు పెట్టి చదవమంది. నాకు రాదని తెలిసిపోయిద్దని తిట్టా. నువ్వే చింపావన్నా. మాచర్లలో మౌలాలీ సాయిబు కాడ ఇంకో పుస్తకముంది, పోయి చివర తెలుసుకురా, లేకపోతే నా గడప తొక్కమాకన్నా." అంతా ఒకే ఊపిరిలో చెప్పింది. "మాచర్ల పోయిందేమో. పోయిందో, ఏం చేసిందో నాకు తెలియదు. నేనన్నది మాత్రం అదే."

ప్రేమమ్మ ఆమెనే చూస్తోంది. బళ్ళో పిల్లని చూసినట్టు చూస్తోంది.

చెన్నకేశవరావు రెండడుగులు వేసి ఆమె ముందుకు వచ్చాడు. చెయ్యి లేవలేదు గానీ, లేస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఇంతసేపూ నోట్లో ఏం పెట్టుకున్నావు?" అన్నాడు.



ముందు కదిలింది తల్లి. మెట్లెక్కి పైకి వచ్చింది. "రైలెప్పుడు?" అంది. పొద్దున్నుంచీ ఆమె మాట్లాడిన మొదటి మాట అదేనట.

"పొద్దుగూకే ముందు," అన్నాడు కోటయ్య.

చెన్నకేశవరావు పోస్టాఫీసుకి పోయి మాచర్లకి ట్రంకుకాల్ అడిగాడు. లైను దొరకలేదు. వాళ్ళందరూ స్టేషనుకి నడిచారు. హజ్రా బీని ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. ఆమె వెనక నడిచింది.

స్టేషన్లో కూర్చున్నాక అసలు భయం మొదలైంది. పొద్దున్నుంచీ పడిందంతా దీని ముందు ఏమీ కాదనిపించింది. ఇందాకటిదాకా ఆ పిల్ల ఎక్కడున్నా అది పుస్తకం వల్ల. బావి వల్ల. పరీక్షల వల్ల. ఇప్పుడు నలుగురి ముందు తన మాట వల్ల. రైల్లోంచి పిల్ల దిగకపోతే ఆ మాట తనదే. ఆ తల్లి ఇదే ఊళ్ళో బతికినన్నాళ్ళూ తననే చూస్తుంది. మౌలాలీ సాయిబు కొట్టు మూసి ఉంటే? అసలు కొట్టు ఉందో లేదో. మహబూబ్ పోయాక ఆమె మాచర్ల పోలేదు. ఎర్రటి ఎండలో ఆ ఊరు తెలియని పిల్ల ఎవర్ని అడుగుతుంది? అడిగితే ఎవరు ఎక్కడికి తీసుకుపోతారు? ఒక్కో ఆఖరూ వచ్చి ఆమె ముందు నిలబడింది. కల్పించడానికి చదువు అక్కర్లేదని తెలిసింది.

దువా చదువుదామనుకుంది. చిన్నప్పటినుంచీ వచ్చినదే, నడుమ మర్చిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది.

తల్లి పట్టాల వైపు తిరిగి కూర్చుంది. చెన్నకేశవరావు ప్లాట్‌ఫారం చివరికి పోయి నిలబడ్డాడు. షౌకత్, కోటయ్య బీడీ ముట్టించుకోకుండానే పట్టుకుని కూర్చున్నారు.

రైలు కూత వినపడింది. పొగ కనపడింది. బండి ఆగింది. రాళ్ళ క్వారీ కూలీలు దిగారు. కోళ్ళబుట్టతో ఒక ముసలాయన దిగాడు. ఒక పెళ్ళివారి గుంపు దిగింది. వాళ్ళ ట్రంకుపెట్టెలు దింపేసరికి ఆలస్యమైంది. అవి అడ్డం తొలిగాక చూస్తే ప్లాట్‌ఫారం ఖాళీ.

తల్లి నిలబడి ఉంది. హజ్రా బీ ఒక్కో పెట్టె తలుపూ వరసగా చూసింది.

చిట్టచివరి పెట్టెలోంచి మహాలక్ష్మి దిగింది. సంచి భుజానికి ఉంది. ముఖం ఎండకి కమిలింది. నడుస్తూ వచ్చి, ఇంతమందిని చూసి ఆగింది. నాన్నని చూసింది. అమ్మని చూసింది. ఆ ముఖాల్లో ఏముందో తెలియక, తెలిసిన ఒక్క సంగతి హజ్రా బీకి చెప్పింది.

"చదివొచ్చా అత్తా. నేను చింపలేదు."

తల్లి ఒక్కటి కొట్టింది. కొట్టిన చేత్తోనే దగ్గరకు లాక్కుంది. తర్వాత ఎవరికీ ఏమీ వినపడలేదు, ఆమె ఏడుపు తప్ప. చెన్నకేశవరావు దూరం నుంచే చూశాడు. దగ్గరకు రాలేదు. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. విప్పిందీ చుట్టిందీ ఎందుకో అతనికీ తెలిసినట్టు లేదు.

తర్వాత పిల్ల సంగతంతా చెప్పింది. మౌలాలీ సాయిబు మంచాన ఉన్నాడు. పుస్తకం బయటికివ్వనన్నాడు, కూర్చుని చదువుకోమన్నాడు. ఆయన భార్య అన్నం పెట్టింది. చదివి లేచేసరికి మధ్యాహ్నం బస్సు పోయింది.

దారిలో చెన్నకేశవరావు అందరికన్నా ముందు నడుస్తున్నాడు. కోటయ్య ఆగలేకపోయాడు.

"అమ్మాయ్, ఇంతకీ ఏమైంది ఆఖర్న?"

"చెప్పమాక," అంది తల్లి.

"చెప్పనీ వదినా. ఇంతమందిమి చచ్చి బతికాం."

పిల్ల నాన్న వీపు వైపు చూసింది. గొంతు తగ్గించి చెప్పింది. "ఆమె చెయ్యి ఎవరో పట్టుకుని లేపారంట. వాళ్ళమ్మంట. నిద్రలేచిందంట. అదంతా కలంట."

"కలా?" అన్నాడు షౌకత్.

"కలే."

"బావీ?"

"బావీ కలే. హేమచంద్రుడూ కలే."

కోటయ్య నడవడం ఆపాడు. "మరి మెట్లు? అన్ని రాళ్ళు మోశాడే వాడు?"

"అన్నీ కలేనంట బాబాయ్."

"పోవే. నా ఆఖరే నయం. వాడికి ఉద్యోగమన్నా ఇప్పించా."

ప్రేమమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇది అన్యాయం. ఇట్టా రాస్తే పిల్లలకి ఏం చెప్పాల?"

"బాగాలేదు టీచరుగారూ," అంది మహాలక్ష్మి. "నాకూ నచ్చలేదు. రైల్లో వస్తన్నంతసేపూ ఏడుపొచ్చింది." అంది గానీ, ఆ మాటంటుంటే ముఖంలో వెలుగు ఉంది. చదివొచ్చిన మనిషి వెలుగు.

ముందు నడుస్తున్న చెన్నకేశవరావు అడుగు తగ్గించాడు. వింటున్నాడని అందరికీ తెలిసింది. కాసేపటికి వెనక్కి తిరిగాడు. చంకలో ఉన్న ఖాకీ పుస్తకం తీసి హజ్రా బీకి ఇచ్చాడు.

"కొట్టు తీసుకుంటావో మూసుకుంటావో నీ ఇష్టం," అన్నాడు. "మా పిల్ల మాత్రం రాదు."

"రానివ్వను అన్నా."

అతను తలూపాడు. ఇంకేదో అనబోయి, అనకుండా తిరిగాడు.

ఊరి మొదట్లో దారులు చీలుతాయి. ఎరువుల కొట్టు వైపు వాళ్ళు, బస్టాండు వైపు ఈమె. మహాలక్ష్మి తల్లి చెయ్యి పట్టుకునే ఉంది. ఆ చెయ్యి విడిపించుకోకుండానే వెనక్కి తిరిగింది. చదివిన పుస్తకం గురించి హజ్రా బీ ఊళ్ళో అందరినీ అడిగింది. ఆమెకు ఎలా అనిపించిందని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. పిల్లకి ఆ సంగతి తెలుసో తెలియదో.

"నీకెట్టనిపించింది అత్తా?"

హజ్రా బీ ఎవరో చెప్పిన మాట వెతుక్కుంది. ఈ పుస్తకం మీద అందరి మాటలూ ఆమె దగ్గరున్నాయి. వాటిలో ఏదీ నోటికి రాలేదు.

"భయమేసింది," అంది.

పిల్ల కాసేపు ఆమెను చూసింది. తల్లి లాగితే నడిచింది. హజ్రా బీ వాళ్ళు మలుపు తిరిగేదాకా అక్కడే ఉంది. పిల్ల ఓణీ చెంగు, తల్లి చెయ్యి, ముందు నడిచే తలపాగా. మూడూ కనపడుతున్నాయా అని మళ్ళీ మళ్ళీ చూసుకుంది.